ప్రదర్శనశాలలో ఆట

ప్రదర్శనశాలకు వస్తువు కావలెను. ఆటకు వస్తువు ఉపకరణము మాత్రమే. ఆడువారు లేచిపోయిన పిమ్మట మిగులునవి గవ్వలు, గీతలు, ఒక పెట్టె. ఈ చిక్కు ప్రాచీనమైనదే యైనను, వీడియో గేములు మ్యూజియములలో ప్రవేశించిన ఈ రెండు మూడు దశాబ్దములలో అది మిక్కిలి స్ఫుటముగా బయటపడినది. సాహిత్యపత్రికలో ఈ ప్రసంగమేల యని కొందరు పాఠకులకు తోచవచ్చును. గ్రంథమును అట్టిదే కదా! అద్దాల బీరువాలో కట్టియుంచిన తాళపత్రముల కట్ట కంటికి కనబడును గాని, అందలి కావ్యము కనబడదు. చదువరి కట్ట విప్పవలెను. ఆటకును ఆడువాడు అట్లే కావలెను. కావున ఈ సమస్యను గూర్చి పలుకుటకు సాహిత్యవిమర్శకునకు కొంత అధికారము లేకపోలేదు.

బ్రిటిష్ మ్యూజియమునందు ఊర్ నగరపు రాజసమాధులనుండి వచ్చిన ఆటపలక యొకటి కలదు. 1920లలో లియోనార్డ్ ఊలీ జరిపించిన త్రవ్వకములలో అది లభించినది. క్రీస్తుకు పూర్వము ఇంచుమించు 2600 నాటిది. ఇరువది గళ్లు, గళ్లలో ఆల్చిప్పయు నీలిరాయియు పొదిగిన పనితనము. దశాబ్దములపాటు ప్రేక్షకులు దానిని చూచి పనివాని నేర్పును మెచ్చుకొని పోయిరి. అది ఎట్లాడుదురో ఎవ్వరికిని తెలియదు. పిదప అదే మ్యూజియమున పనిచేయు ఇర్వింగ్ ఫింకెల్ అను పండితుడు, క్రీస్తుకు పూర్వము 177లో ఒక బాబిలోను లేఖకుడు వ్రాసిన మట్టిపలకను చదివి, ఆ జాతి ఆటకు నియమములను కనుగొనెను. ఆ మట్టిపలకయు చిరకాలముగా ఆ మ్యూజియములోనే ఉండినది. ఒక గదిలో ఆటపెట్టె, మరియొక చోట దాని వివరణము. నడుమ చదువగలవాడు లేక ఆట మాత్రము లేకపోయినది. ఆటను తిరిగి బ్రతికించినవాడు త్రవ్వకపువాడు కాడు, లిపిజ్ఞుడు. ఈ సంగతిని మనస్సున నుంచుకొని వీడియో గేముల ప్రదర్శనములను పరిశీలింపవలెను.

2012లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము పదునాలుగు వీడియో గేములను తన శాశ్వత సంగ్రహములో చేర్చుకొన్నది. ప్యాక్‌మ్యాన్, టెట్రిస్, మిస్ట్, సిమ్‌సిటీ 2000, ద సిమ్స్, పోర్టల్ మొదలైనవి అందున్నవి. ఆ సంవత్సరమే వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ అమెరికన్ కళా మ్యూజియము ‘ద ఆర్ట్ ఆఫ్ వీడియో గేమ్స్’ అను ప్రదర్శనమును నడపినది. అంతకు పదియేండ్ల ముందే, 2002లో, లండనులోని బార్బికన్ కేంద్రము ‘గేమ్ ఆన్’ అను పేర ఇట్టి ప్రదర్శనము నేర్పరచియుండెను. బెర్లిను నగరమున 1997నుండి ఇందుకొరకే ఒక మ్యూజియము కలదు. ఈ యత్నములకు ప్రతిఘటన లేకపోలేదు. సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో వీడియో గేము ఎన్నటికిని కళ కాజాలదని తీర్మానించినాడు. న్యూయార్కు మ్యూజియము నిర్ణయము వెలువడగనే గార్డియన్ పత్రికలో జోనాథన్ జోన్స్ అదే మాట మరల చెప్పినాడు.

ఈ కళాకళావివాదము నాకు నిష్ఫలముగా తోచుచున్నది. నవల మనకు క్రొత్తగా వచ్చినపుడును అది కావ్యమగునా కాదా యను తర్కము పండితులలో చాలకాలము నడచినది. తర్కము తెగకముందే నవలలు వ్రాయబడినవి, చదువబడినవి. ఒక వస్తువును కళయని పేర్కొన్నంతమాత్రమున దానిని ఎట్లు చూపవలెనను ప్రశ్నకు సమాధానము దొరకదు. న్యూయార్కు మ్యూజియము తెచ్చుకొన్న ఆటలలో ఈవ్ ఆన్‌లైన్ అనునది యొకటి. వేలకొలది జనులు ఒకే కల్పితలోకమున ఏండ్ల తరబడి వర్తకము, యుద్ధము, మైత్రి, ద్రోహము నడపు ఆట అది. దానిని గోడమీద నెట్లు పెట్టుదురు? 2013 ప్రదర్శనములో దానిని ఆడించుట సాధ్యము కాక చలనచిత్రముగా చూపిరి. మహాభారతమును చదువనీయక, చదువుచున్నవారి ఫోటోను చూపినట్లయినది. నిర్వాహకులను నిందించుట నా యుద్దేశము కాదు, వారికి వేరు దారి లేకుండెను. టెట్రిస్ వంటి ఆటను మూడు నిముషములలో చేతికందింపవచ్చును. కొన్ని ఆటలు శతకపద్యముల వంటివి, కొన్ని ఇతిహాసముల వంటివి.

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము 2018 సెప్టెంబరు 8 నుండి 2019 ఫిబ్రవరి 24 వరకు నడపిన ‘వీడియోగేమ్స్: డిజైన్, ప్లే, డిస్రప్ట్’ అను ప్రదర్శనము ఈ విషయమున ఒక మెట్టు పైకెక్కినది. అది యంత్రముల చరిత్రను విడిచి, ఆటలు తయారగు విధమును చూపబూనినది. రూపకర్తల నోటు పుస్తకములు, చిత్తుబొమ్మలు, విడిచివేసిన ప్రయత్నములు అందు చోటుచేసికొన్నవి. ‘జర్నీ’ యను 2012 నాటి ఆట ఈ భాగమున ముఖ్యమైనది. ఎడారిలో ఒంటరిగా నడచు బాటసారికి దారిలో మరియొక బాటసారి తటస్థించును. అతడు లోకమున మరెక్కడనో కూర్చుండి ఆడుచున్న నిజమైన మనిషి. వారి పేర్లు ఒకరికొకరు తెలియవు, మాటాడుటకు వీలు లేదు. ఒక్క స్వరమును మాత్రము పలికించవచ్చును. ఆ స్వరముతోనే పిలుచుట, హెచ్చరించుట, వీడ్కోలు చెప్పుట. భాషను పూర్తిగా తీసివేసి భావమును నిలుపుటకు చేసిన ఈ సాహసము అనువాదము చేయువానికి అసూయ కలిగించును. రూపకర్త ఏది తొలగించుటవలన ఈ ఫలితము వచ్చెనో చిత్తుప్రతులలో చూచుట, కవి కొట్టివేసిన పంక్తులను చూచుట వంటిది.

అదే ప్రదర్శనమున రెండవ భాగము వివాదములకు కేటాయింపబడినది: ఆటలలో హింస, స్త్రీల చిత్రణము, జాతివివక్ష, రాజకీయము. మూడవ భాగము ఆడువారిది. మైన్‌క్రాఫ్ట్‌లో అభిమానులు ఇటుక ఇటుకగా కట్టిన నగరములు, క్రీడామైదానముల నిండ కూర్చుండి ఇతరుల ఆటను చూచు జనసమ్మర్దము అందు కానవచ్చినవి. ఈ క్రమమే నాకు కొంత అసంతృప్తి కలిగించునది. కర్త ముందు, ఆడువాడు తుదిని. గ్రంథకర్త జీవితచరిత్రతో ప్రారంభించి పాఠకునితో ముగించు సాహిత్యచరిత్రలు మనకు బోలెడున్నవి. ఆటవిషయమున ఈ క్రమము మరింత తగదు.

క్రమమును తారుమారు చేసిన ప్రదర్శన మొకటి తెలుగున ఎప్పుడో వెలసినది. దానిపేరు క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర నున్నదియు, శ్రీనాథునిదేయని కొందరు వాదించునదియు నైన ఈ వీథిలో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇరువురు మిత్రులు ఓరుగల్లు నగరమున ఒక దినము తిరుగుదురు. కోడిపందెములు చూతురు, పలనాటి వీరుల కథ పాడువారిని విందురు, పూటకూటి యింట భుజింతురు. ఇది నడక, గదినుండి గదికి పోవు ప్రేక్షకుని నడకవంటిదే. ఐతే వారు చూచునది కోడిని మాత్రమే కాదు. కోడిని పట్టుకొన్నవాడు, చుట్టుమూగిన జనము, వారి మాటలు, ఆశ, కోపము — ఇవన్నియు కలసి అక్కడ ఆట అనబడుచున్నవి. అదే కృతిలో మాచల్దేవి చిత్రశాల కూడ కలదు. ఆ చిత్రశాల గోడలపై దేవతల, పురాణపురుషుల కథలు. కోడిపందెము వీథిలోనే ఉన్నది. ఏది గోడకెక్కదగినది, ఏది వీథిలో నుండదగినది అను విభజన నాటికే ఉన్నదన్నమాట. కవి మాత్రము రెంటిని ఒకే గ్రంథములో కూర్చినాడు. ఆధునిక మ్యూజియము ఇప్పుడు చేయదలచిన పని ఇదియే.

సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములతోపాటు జనుల వినోదములను, ఆటలను చరిత్రసామగ్రిగా పరిగణించుటయు, అందుకు క్రీడాభిరామము వంటి కృతులను ఆధారము చేసికొనుటయు పాఠకు లెరుగుదురు. సాహిత్య అకాడమీ తెలుగున మొట్టమొదట, 1955లో, బహుమానించిన గ్రంథ మదియే. ఆటను గూర్చి ఆలోచించుట అకాడమీ గౌరవమునకు తక్కువ యనువారికి ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఆటయందు నియమములే కథ చెప్పుననుటకు మన వైకుంఠపాళికి మించిన దృష్టాంతము లేదు. పరమపదసోపానపటమని దానికి శాస్త్రీయమైన పేరు. సద్గుణములు నిచ్చెనలు, దుర్గుణములును రాక్షసులును పాములు. పై వరుసకు చేరిన తరువాత పెద్దపాము నోటబడి మొదటికి జారుట, ఆ బాధను వైకుంఠ ఏకాదశి జాగరణలో అనుభవింపనివారు మన పెద్దలలో అరుదు. గళ్లలోని పేర్లు చదివిన పిల్లవానికి పాపపుణ్యముల పట్టిక కంఠస్థమగును. ఈ జాతి పటములు ఉత్తరదేశమున జ్ఞానచౌపడ్ అను పేరుతో జైనులలోను వైష్ణవులలోను ప్రచారమున నుండినవి. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఇది ఇంగ్లండునకు పోయి, అచట విక్టోరియా యుగపు నీతిపాఠములను తొడుగుకొన్నది. క్రమముగా ఆ నీతులును రాలిపోయినవి. 1943లో అమెరికాలో అచ్చైన రూపమున పాములు కూడ పోయి జారుడుబల్లలు మిగిలినవి.

ఇది అనువాదచరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయము. వాక్యనిర్మాణము నిలిచి, మాటలన్నియు జారిపోయినవి. పటమును మాత్రము గోడకు తగిలించి, క్రింద తేదీ వ్రాసిపెట్టిన మ్యూజియము ఈ చరిత్రలో సగము కూడ చెప్పజాలదు. తెలుగు పటము, విక్టోరియా పటము, అమెరికా పటము మూడును ప్రక్కప్రక్కన నుంచి, ప్రేక్షకునిచేత మూడును ఆడించినచో, మాట పోయిన చోట ఏమి పోయెనో వాని చేతికే తెలియును.

నియమములలో అభిప్రాయము దాగియుండుట వీడియో గేములకును వర్తించును. సిమ్‌సిటీని 1989లో విల్ రైట్ రూపొందించెను. జే ఫారెస్టర్ అను శాస్త్రజ్ఞుడు 1969లో ప్రకటించిన ‘అర్బన్ డైనమిక్స్’ అను గ్రంథము తనకు ప్రేరకమని ఆయన చెప్పియున్నాడు. ఆ ఆటలో మీరు మేయరు. ఖాళీ భూమిని నివాసమునకు, వర్తకమునకు, పరిశ్రమకు విభజించి, రోడ్లు వేసి, పన్నులు నిర్ణయించి చూడవలెను. జనులు వచ్చెదరో పోయెదరో యంత్రమే లెక్కగట్టును. లెక్క ఏ నమ్మకముమీద నడచుచున్నదో తెరమీద కనబడదు. వైకుంఠపాళిలో పాము ఏ పాపమునకు గుర్తో గడిలో వ్రాసియుండును. ఈ క్రొత్త పటములో పాపముల పేర్లు దాచబడినవి. ఈ విషయమున ప్రాచీనుడే నిజాయితీపరుడు.

ఈ వ్యాసము వ్రాయుచున్న జంషెడ్‌పూరునుండి చూచినపుడు సిమ్‌సిటీ మరియొక అర్థమును సంతరించుకొనును. ఈ నగరమే ఖాళీ పటముమీద గీయబడినది. ఖాళీ యనుట గీసినవారి మాట; సాక్చి, కాళీమాటి మున్నగు పల్లెలు అప్పటికే ఉన్నవి. టాటా ఉక్కు కంపెనీ 1907లో స్థాపితమైన పిమ్మట పిట్స్‌బర్గునకు చెందిన జూలియన్ కెనెడీ మొదటి నగరపు ప్రణాళికను సిద్ధపరచెను. తరువాత టెంపుల్, 1930లలో స్టోక్స్, 1940లలో ఆటో కోనిగ్స్‌బెర్గర్ ఒకరి గీతలను మరియొకరు సవరించిరి. 1919లో ఊరికి జంషెడ్‌పూరని పేరు వచ్చినది. కర్మాగారము నడుమ, దాని చుట్టును పనివారి క్వార్టర్లు, తోటలు, మార్కెట్లు — సిమ్‌సిటీ ఆడు బాలుడు తెరమీద చేయునదే ఇక్కడ ఇనుముతోను ఇటుకతోను జరిగినది. ఒక భేదము కలదు: ఆటలో ముఖ్యపాత్ర మేయరు, ఈ నగరమునకు ఎన్నికైన మేయరు ఎన్నడును లేడు. 2023 చివర జార్ఖండ్ ప్రభుత్వము దీనిని పారిశ్రామిక నగరముగా ప్రకటించినది.

ఉక్కు కంపెనీ పురాలేఖలను భద్రపరచు రూసీ మోదీ కేంద్రము ఈ నగరమున కలదు. అచట ఎన్నడైన వీడియో గేములను గూర్చిన ప్రదర్శన మేర్పడినచో, కెనెడీ ప్రణాళికయు సిమ్‌సిటీ 2000 తెరయు ఎదురెదురుగా నుండవలెనని నా కోరిక. రెండును పైనుండి క్రిందికి చూచు చూపులు. రెంటియందును ఇండ్లు కనబడును, ఇంటివారు కనబడరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి ఉక్కు పనికి వచ్చి తరతరములుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువారు ఆ చిన్న చతురస్రములలో ఎక్కడనో ఉన్నారు. వారి వరండా గచ్చులమీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మ గళ్లు ఏ ప్రణాళికలోను లేవు. హో, సంథాల ప్రజల కటి, సెక్కోర్ మున్నగు ఆటలకు ఈ ప్రాంతమున పోటీలు జరుగుచున్నవి. సోనారిలో ఆదివాసి సంస్కృతికేంద్ర మొకటి కలదు. కొలతబద్దతో గీసిన నగరపు చిత్రము ఒక గోడమీద, అందలి జనులు నేలమీద గీసికొన్న గళ్లు పాదములక్రింద — ఇట్టి ప్రదర్శనము లండనువారు చేయజాలరు. ఇక్కడివారికే సాధ్యము.

ఇక మన దేశమున వీడియో గేముల చరిత్ర ఎట్టిది? న్యూయార్కు వారి పదునాలుగింటిలో భారతదేశపు ఆట యొకటియు లేదు. ఉండవలెనని వాదించుటకు 2012 నాటికి మనకును గట్టి ఉదాహరణములు లేవు. మనకున్నది కర్తల చరిత్ర కాదు, ప్రతుల చరిత్ర. 1990లలో మన పట్టణములలోని ఇండ్లకు వచ్చిన టీవీ గేములు చాలవరకు జపానులో నింటెండో కంపెనీ 1983లో వెలువరించిన యంత్రమునకు నకళ్లు. క్యాసెట్టుపై తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఆటలని అచ్చువేసియుండును. లోపల ఉన్నవి పదియో పండ్రెండో. అవే ఆటలు రంగులు మారి, మారుపేర్లతో జాబితా పొడుగునను తిరిగి తిరిగి వచ్చుచుండును. కాంట్రా, సూపర్ మారియో మన బాలురకు తెలిసినది ఈ దారినే. కంపెనీవారి దృష్టిలో ఇది చౌర్యము. న్యాయముగా చూచినను చౌర్యమే. కాని మూలయంత్రములను మాత్రమే తెచ్చి అద్దములవెనుక పెట్టి, భారతీయులు ఆడినది వీనినే యని చెప్పు మ్యూజియము అసత్యము చెప్పినట్లగును.

తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి ఈ స్థితి వింతగా తోచనక్కరలేదు. తిక్కన స్వహస్తముతో వ్రాసిన తాళపత్రము మనకెక్కడిది? మనకున్నవి ప్రతులకు ప్రతులు. లేఖకుల తప్పులు, దిద్దుబాట్లు, చొప్పింపులు. సి. పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సేకరించి, పండితులచేత సరిచూపించి పాఠము నిర్ణయింపజేసెను. ఆయనకు ప్రతి దోషమును సాక్ష్యమే. నకలు క్యాసెట్టును ఆ దృష్టితో చూచినచో అది పారవేయదగిన చెత్త కాదు. ఏ ఆట ఏ పేరుతో మన ఊరు చేరినదో, జపాను భాషలోని ఉపోద్ఘాతము ఎక్కడ తెగగొట్టబడినదో, కథ తెలియకయే బాలురు దానికి ఏ కథ అల్లుకొనిరో అది చెప్పగలదు. పరిష్కర్తకు కావలసిన సామగ్రి ఇంతకంటె ఏమి?

కాలము మాత్రము తక్కువగా నున్నది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2023లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఆ దేశమున 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవు. కంపెనీలు నిలిపిన ఆటల గతి యిది. ఇంటర్నెట్‌తో ముడిపడిన ఆటలకు ఈ మాత్రపు శేషమును లేదు. ఫార్మ్‌విల్ అను పొలముసాగు ఆట 2020 డిసెంబరు 31తో ముగిసినది. అదే సంవత్సరము సెప్టెంబరులో మన ప్రభుత్వము పబ్జీ మొబైల్‌ను నిషేధించినది. అక్టోబరు చివరకు ఇక్కడివారికి దాని తలుపులు మూతపడినవి. 2021లో క్రొత్తపేరుతో అది తిరిగివచ్చినను, ఆ మధ్య తమ జట్లు చెదరి, సంపాదించిన బిరుదులు పోయినవని దుఃఖించిన కుర్రవాండ్ర అనుభవము ఏ యంత్రమునందును నిలువలేదు. తాళపత్రమును చెదలు తినుటకు నూరేండ్లు పట్టును.

మన సమాజము ఈ వస్తువులను రక్షింపదగినవిగా తలపకుండుటకు మరియొక బలమైన కారణము కలదు. మనకు ఆట యనగానే జూదము స్ఫురించును. ఋగ్వేదమునందే జూదరి విలాపము సూక్తమైనది. సభాపర్వమును తెలుగుచేసిన నన్నయకాలమునుండి మన శ్రోతలు పాచికలచప్పుడును రాజ్యనాశముతో కలిపియే వినుచున్నారు. నలుని కథ అదే, పలనాటి కోడిపందెము అదే. ఈ భయము నిరాధారము కాదు. ఆన్‌లైన్ రమ్మీలో కుటుంబములు అప్పులపాలగుట చూచియే తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధములు తెచ్చినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించి, ఈ-స్పోర్ట్సును తక్కిన ఆటలను వేరుచేసి ప్రోత్సహింపదగినవిగా పేర్కొన్నది. శాసనము గీసిన ఆ గీత జనుల మనస్సులలో ఇంకను పడలేదు. తండ్రికి కుమారుని చేతిలోని తెరమీద నడచునది రమ్మీయో, జర్నీయో తెలియదు. తెలిసికొనుటకు ఆయన పోగల చోటు కూడ లేదు. ప్రదర్శనశాల అట్టి చోటు కావచ్చును. లండను ప్రదర్శనమునందలి వివాదముల భాగము మనకు ఈ కారణముచేతనే ఎక్కువ ఉపయోగించును. అందు మన జూదమును ఒక గదిగా చేర్చుకొనవలెను, దాచిపెట్టరాదు.

మన దేశపు రూపకర్తలును ఈ మధ్య మేల్కొన్నారు. పుణెవారు 2020లో వెలువరించిన ‘రాజీ’ యను ఆటలో పహాడీ చిత్రముల వర్ణవైఖరియు, కథాఘట్టములయందు తోలుబొమ్మల నీడలును కనబడును. తోలుబొమ్మలాటకు పుట్టినిల్లయిన తెలుగుదేశమున ఆ ఊహ ముందుగా పుట్టకపోవుట చింతింపదగినది. అంతకంటె నన్ను ఆకర్షించినది ‘వెణ్బా’. టొరంటోలోని తమిళులు నడపు ఒక చిన్నసంస్థ 2023లో దీనిని వెలువరించినది. వలసపోయిన తమిళ గృహిణి తన తల్లి యిచ్చిన వంటలపుస్తకమును చూచి వండును. పుస్తకము చిరిగియున్నది, అక్షరములు చెరిగియున్నవి. ఆడువాడు లోపించిన పాఠమును ఊహించి పూరింపవలెను. ఇడ్డెన రేకుల వరుస తప్పినచో వంట చెడును. గ్రంథపాతములను పూరించు పరిష్కర్త పనిని ఇంత ఇంపుగా ఆటగా మలచినవారిని నేను వేరెరుగను. 2024లో దీనికి బ్రిటిషు అకాడమీవారి తొలి ఆట బహుమానము లభించినది. పేరు ఛందోనామము, వస్తువు తల్లిభాష. పొరుగువారి సాహిత్యాభిమానము ఆటలోనికిని ప్రవహించినదన్నమాట. హైదరాబాదున పెద్ద విదేశ సంస్థల కార్యాలయములు ఉన్నవి, ఆటల రూపకర్తల మహాసభలును జరిగినవి. తెలుగు యువకులు ఇతరుల ఆటలకు అడవులు, కోటలు, ముఖములు చిత్రించుచున్నారు. తెలుగు వాక్యము మాత్రము అందెక్కడను వినరాదు. దీనికి ఆ యువకులు బాధ్యులు కారు. కథ చెప్పగలవారు వారి ప్రక్కన కూర్చుండలేదు.

ప్రదర్శనశాల సేకరింపవలసినవానిలో పదములును చేర్చవలెనని నా మనవి. పాచికలు మన ఇండ్లలో కరవైనవి గాని ‘వాని పాచిక పారలేదు’ అను మాట నేటికిని పారుచున్నది. ఎత్తు వేయుట, కాయ పండుట, పెద్దపాము నోటబడుట — ఇవన్నియు ఆడి విడిచిన ఆటలు భాషలో విడిచిన పావులు. 1990లలో టీవీ గేములు ఆడిన పిల్లలును పదములు కల్పించుకొనిరి. లైఫు పోవుట, లైఫు దాచుకొనుట, స్టేజి దాటుట, చివరి రాక్షసుని బాస్ అనుట — ఇంగ్లీషు ముక్కకు తెలుగు క్రియ తగిలించి వ్యాకరణము చెడకుండ నడపుకొన్నారు. జంషెడ్‌పూరు తెలుగు ఇండ్లలో వానికి హిందీ తోక కూడ తగిలినది. నిఘంటుకర్తలు వీనిని ఇంకను ఎత్తికొనలేదు. ఆనాటి పిల్లలకు ఇప్పుడు నలుబదియేండ్లకు పైబడినవి. వారిని కూర్చుండబెట్టి, పాత క్యాసెట్టును చేతికిచ్చి, ఆడుచుండగా వారి మాటలను వ్రాసికొనుటకు ఒక బల్ల, ఒక పాత టీవీ, ఓపికగల ఒక లేఖకుడు కావలెను.